సోంపు బీడీలు

మా దిక్కు మనుషులకు హైదరాబాద్‌లో రెండు గంటలు ఖాళీ దొరికితే ఏం చేసుకోవాలో తోచదు. మా నాన్ననే తీసుకోండి. సిటీకి ఏ పని మీద వచ్చినా, ఆ పని కాగానే నేరుగా జేబీఎస్‌కు పోయి, కోరుట్ల బస్సు ఆగే ప్లాట్‌ఫారం మీద సంచిని కాళ్ల నడుమ పెట్టుకుని కూర్చుంటాడు. బస్సు మూడింటికైతే ఆయన పన్నెండింటికే హాజరు. "అట్ల తిరిగి రావచ్చు గద నాన్నా" అంటే "తిరిగితే బస్సు పోతది" అంటాడు. "బస్సు మూడింటికి గద" అంటే "అయినా పోతది" అంటాడు. నలభై ఏళ్లలో ఆయన చూసిన హైదరాబాద్ ఆ ప్లాట్‌ఫారం మీది నుంచి కనపడినంతే.

నేను ఆయన లాంటి దాన్ని కాదు. జగిత్యాలలో లెక్కల టీచర్ని. బడిలో ఒక పీరియడ్ ఖాళీగా కనపడితే అందులో స్లిప్ టెస్ట్ పెడితే గానీ నాకు నిద్ర పట్టదు. అందుకే అమ్మను వీసా వేలిముద్రలకు హైదరాబాద్ తీసుకుపోయే రోజు ఖాయం కాగానే ఒక కాగితం తీసి రాసుకున్నాను. పది గంటలకు వేలిముద్రలు. పదింబావుకు బయటికి. పన్నెండున్నర దాకా చార్మినార్, గాజులు. ఒంటిగంటకు బిర్యానీ. మూడింటికి బస్సు. అమ్మ పుట్టింది సిరిసిల్లలో, మెట్టింది కోరుట్లలో. అరవై దగ్గర పడుతున్నా చార్మినార్‌ను గాజుల డబ్బా మీది బొమ్మలో తప్ప చూడలేదు. చూపించి తీరాలని నా పట్టుదల. చూపించమని ఆమె ఎన్నడూ అడగలేదు, అది వేరే సంగతి.

వీసా ఎందుకంటే, మా చెల్లె రియాద్‌లో ఉంటుంది. మా మరిది అక్కడ ఏసీలు బాగుచేసే పనికి పోయి, పదేళ్లకు సూపర్‌వైజర్ అయి, పోయినేడు దాన్ని పిలిపించుకున్నాడు. ఇప్పుడు చెల్లెకు ఎనిమిదో నెల దాటింది. తొలికాన్పు. ఇక్కడికి తీసుకొద్దామంటే విమానం ఎక్కనిచ్చే రోజులు దాటిపోయాయి. మరిది పొద్దున ఆరింటికి పోతే చీకటి పడ్డాక వస్తాడు. పురుడు పోయడానికి, పసిపిల్లకు నీళ్లు పోయడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు. అమ్మ పోవాలి. అమ్మ పోవాలంటే ఆమె పది వేళ్లు హైదరాబాద్ ఆఫీసులోని అద్దం మీద పడాలి.

అక్కడే వచ్చింది చిక్కు. అమ్మ తొమ్మిదో ఏట సిరిసిల్లలో బీడీల చాట ముందు కూర్చుంది. పెళ్లయి కోరుట్లకు వస్తే ఇక్కడ ఇంకో చాట ఎదురుచూస్తూ ఉంది. యాభై ఏళ్లుగా తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, మలిచి, మూతులు ముడిచి దారం కట్టీ కట్టీ ఆమె వేళ్ల కొసలు అరిగిన సబ్బుబిళ్లలా నున్నబడ్డాయి. గీత అన్నది లేదు. మా వాడలో సగం మంది ఆడవాళ్ల వేళ్లు ఇంతే కాబట్టి ఊళ్లో అదొక వింత కాదు, వేలికి బదులు కంటిపాపను మిషన్లో చూసి పని కానిస్తారు. ఈ వీసాకు మాత్రం కన్నుతో పని జరగదన్నారు. డాక్టరమ్మను అడిగితే, కొన్నాళ్లు ఆ పని మానేస్తే గీతలు కొద్దికొద్దిగా తిరిగి వస్తాయంది. వెంటనే నేను ఆర్డరు వేశాను.

"అమ్మా, ఇయ్యాల్టి నుంచి పదిహేను రోజులు బీడీ ముట్టద్దు."

"సరే బిడ్డా" అంది అమ్మ.

అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. క్లాసులో నలభై మంది ఒక్క గొంతుతో "హోంవర్క్ చేసినం మేడం" అంటే నమ్మని దాన్ని, అమ్మను నమ్మాను.

ఆ రోజు తొలి బస్సుకు బయలుదేరి, పది కొట్టకముందే ఆఫీసుకు చేరాం. సంచులు లోపలికి రానివ్వరంటే ఎదురుగా జిరాక్స్ దుకాణంలో పెట్టాం. అమ్మ పెళ్లిళ్లకు కట్టే ఆకుపచ్చ పట్టుచీర కట్టుకొచ్చింది. వేలిముద్రలకు పట్టుచీర ఎందుకంటే, "ఫోటో దింపుతరట గద, సౌదీ దాక పోయే ఫోటో" అంది. కౌంటర్లో కళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. మాట కోస్తా వైపుది, ఓపిక మాత్రం ఏ వైపుదో, నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

"అమ్మగారూ, కుడిచెయ్యి నాలుగు వేళ్లూ అద్దం మీద పెట్టండి. ఆకుపచ్చ లైటు వస్తుంది."

అమ్మ పెట్టింది. ఎర్ర లైటు వచ్చింది. తుడిచి పెట్టింది. ఎర్రదే. ఆవిడ కాస్త నొక్కమంది. అమ్మ ఎంత నొక్కిందంటే మిషన్ జరిగి జరిగి ఆవిడ ఒళ్లో పడబోయింది. మెల్లగా పెట్టమంది. అమ్మ నిద్రపోతున్న పసిపిల్లను తాకినట్టు తాకింది. ఎర్రదే. ఎడమచెయ్యి పెడితే చిటికెన వేలు ఒక్కటి పడి, మిగతావి మొరాయించాయి.

"ఏం పని చేస్తారమ్మా?"

"బీడీలు చేస్తనమ్మా."

"ఇప్పుడు కూడా చేస్తున్నారా?"

అమ్మ నా మొహం చూసి, తర్వాత అద్దాన్ని చూసి, "సాన రోజులాయె బంద్ జేసి" అంది.

ఆవిడ గడియారం చూసింది. "పన్నెండున్నరకు ఈ కౌంటర్ మూసేస్తాం. రెండు గంటలుంది. గోరువెచ్చటి నీళ్లతో చేతులు కడిగించి, క్రీము రాసి తీసుకురండి. ఈలోపు ఆ చేతులతో ఏ పనీ చేయించకండి. దేన్నీ రుద్దకూడదు, గట్టిగా పట్టుకోకూడదు. చర్మం మెత్తబడితే పడొచ్చు."

"పడకపోతే?"

"మళ్లీ అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఈ నెలలో ఖాళీ లేదండీ."

వచ్చే నెల దాకా మేం ఆగుతాం. చెల్లె కడుపులోది ఆగదు. నేను బయటికి వచ్చి నా కాగితం తీసి చూసుకున్నాను. ఖాళీ రెండు గంటలు అనుకున్నట్టే దొరికాయి. చార్మినార్‌కు పోయి రావచ్చు కూడా. కానీ బస్సెక్కితే అమ్మ కడ్డీ పట్టుకుంటుంది, ఆటో ఎక్కితే రాడ్డు పట్టుకుంటుంది, గాజుల దుకాణంలో గాజు తొడుక్కుంటుంది. కాగితం మడిచి బ్యాగులో పడేశాను.

మందుల దుకాణంలో క్రీము డబ్బా కొని అక్కడే మెట్ల మీద రాశాను. దుకాణమాయన జాలిపడి, వంటవాళ్లు వేసుకునే పల్చటి ప్లాస్టిక్ గ్లౌజులు రెండు ఇచ్చాడు. అవి తొడిగి, "ఇగ ఈ చేతులు నీయి గావు, నాయి. దేనికీ తాకియ్యద్దు" అని చెప్పాను. అమ్మ రెండు చేతులు భుజాల దాకా ఎత్తి పట్టుకుని, పట్టుచీరతో, మెయిన్ రోడ్డు మీద నా వెనక నడిచింది. బస్టాపులో ఉన్న జనం మొత్తం మా వైపు తిరిగి చూశారు.

"అందరు సూస్తున్నరు బిడ్డా. పోలీసోళ్లు పట్టుకపోతున్నరనుకుంటరు."

"అనుకోనియ్."

"చీర కొంగు జారుతుంది."

కొంగు నేను సర్దాను. ముక్కు దురద పెడుతుందంటే ముక్కు గీకాను. నలభై రెండేళ్ల వయసులో మా అమ్మ ముక్కు గీకుతూ హైదరాబాద్ రోడ్డు మీద నిలబడతానని నేను ఏ కాగితం మీదా రాసుకోలేదు.

దగ్గర్లో ఒక పెద్ద మాల్ కనిపించింది. చల్లగా ఉంటుంది, కూర్చోవచ్చు, వేడినీళ్ల నల్లా కూడా ఉంటుందని లోపలికి నడిచాను. జిరాక్స్ దుకాణం నుంచి తెచ్చుకున్న మా సంచి గేటు దగ్గర మిషన్లోకి పోయి, కుయ్యిమంటూ బయటికి వచ్చింది. గార్డు సంచిలో చెయ్యి పెట్టి, ముందు సకినాల డబ్బా, తర్వాత దారపుండ, చివరికి ఒక కత్తెర తీశాడు. అమ్మ బీడీల కత్తెర. పిడికి పాత చీరపేలిక చుట్టి ఉంది.

"యే క్యా హై అమ్మా?" అన్నాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి.

ఉర్దూలో మా అమ్మను ఎవరూ తక్కువ అంచనా వేయకూడదు. మేమంతా ఆపా అని పిలిచే మా పక్కింటి ముస్లిం ఆమెతో ఒకే అరుగు మీద ముప్పై ఏళ్లు బీడీలు చేసి నేర్చిన ఉర్దూ అది. చేతులు పైనే ఉంచి, అది ఆకు కోసే కత్తెరని, మనుషులనేం చెయ్యదని గొంతు పెంచి చెప్పింది. "ఖైంచీ హై బేటా. పత్తా కాట్నే కా. ఆద్మీ కో కుచ్ నై కర్తీ."

గార్డు నవ్వు ఆపుకుని, కత్తెర తన దగ్గర పెట్టుకుని టోకెన్ ఇచ్చాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"వీసాకు అచ్చేటప్పుడు కత్తెర ఎందుకు తెచ్చినవమ్మా?"

"వీసాకని తేలే. సంచిల ఎప్పటికీ ఉంటది. తీసి పెడితే సంచి బోడిగ అనిపించింది."

పై అంతస్తులో తినే చోట ఒక మూల బల్ల చూసి అమ్మను కూర్చోబెట్టాను. కత్తెర కథలోనే అర్ధగంట పోయింది. దోసె తెచ్చి తుంచి నోట్లో పెడుతుంటే, పక్క బల్ల దగ్గర ఉన్న ఒకావిడ చాలాసేపు చూసి, ఉండబట్టలేక దగ్గరికి వచ్చింది.

"పక్షవాతమా అండీ? ఎన్నాళ్లయింది?"

అమ్మ నమలడం ఆపింది. "ఎవలకు, నాకా? నాకేం పచ్చవాతం లేదమ్మా. గీ చేతులు రోజుకు వెయ్యి బీడీలు చేస్తయి."

"చేస్తయా?" అన్నాను నేను.

"చేసేటియి" అంది అమ్మ.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "మాట బాగానే ఉంది కదా, అదే అదృష్టం అనుకోండి" అని ఒక హాస్పిటల్ పేరు రాసిచ్చి పోయింది. ఆ చీటీ పడేయడానికి మనసొప్పక బ్యాగులో పెట్టుకున్నాను. అంతలో కోరుట్ల నుంచి నాన్న ఫోన్.

"జేబీఎస్‌కు పోయిండ్రా?"

"ఇంక పదకొండున్నర కూడ కాలేదు నాన్నా."

"బస్సు పోతది."

ఫోన్ పెట్టేయగానే చెల్లె వీడియో కాల్ చేసింది. అమ్మ ముందు మాట్లాడలేక, "కదలకు, చేతులు బల్ల మీద పెట్టుకొని కూసో" అని చెప్పి, దూరంగా లిఫ్టుల దగ్గరికి పోయాను. చెల్లె మొహం ఉబ్బి ఉంది. కడుపు మీద ఒక చెయ్యి వేసుకుని అడిగింది.

"అమ్మ ఏలిముద్రలు పడ్డయా అక్కా?"

"పడుతున్నయి" అన్నాను. అది అబద్ధం అని దానికి వెంటనే అర్థమైంది.

"నాకు భయమైతుందక్కా. ఆయన పనికి పోయినంక తలుపేసుకొని ఒక్కదాన్నే ఉంటున్న. నొప్పులస్తె ఎవలను పిలువాలె? ఈడ పక్కింటోళ్ల మొకం గూడ నేను సూడలే." తర్వాత అది ఏడ్చింది.  అదీ ఇదీ మాట్లాడి ఊరుకోబెట్టేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి.

తిరిగి వస్తే మా బల్ల కనపడలేదు. చుట్టూ జనం. ఎవరికో ఏదో అయిందని పరుగెత్తి, ఇద్దరు ముగ్గురిని తోసి చూశాను. అమ్మ గ్లౌజులు విప్పి పక్కన మడిచి పెట్టింది. బల్ల మీద తెల్లటి పేపర్ నాప్కిన్లు, గోటితో గీరి, ఆకు కొలతకు సరిగ్గా చింపినవి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. బిల్లు కౌంటర్ దగ్గరి సోంపు గిన్నె ఆమె ముందు ఉంది. ఒక కాగితం ఎడమచేతిలోకి తీసుకోవడం, చిటికెడు సోంపు పోయడం, రెండు బొటనవేళ్లతో ఒక్క మలుపు తిప్పడం, పళ్లు కుట్టుకునే పుల్లతో మూతి ముడవడం, దారం చుట్టడం. అంతే. ఇంకొకటి. చేతుల వైపు చూడను కూడా చూడటం లేదు. అప్పటికే ఇరవై ఐదింటి కట్ట ఒకటి కట్టి, రెండో కట్టలో సగానికి వచ్చింది. చుట్టూ పిల్లలు చేతులు చాపి నిలబడ్డారు. ఒకడు రెండు తిని మూడోది అడుగుతున్నాడు.

అప్పుడే మాల్ యూనిఫాం వేసుకున్న ఒక మేనేజర్ వచ్చాడు. "మేడం, ఇక్కడ స్మోకింగ్ అలౌడ్ కాదు."

"నేను తాగుతలేను బాబూ" అంది అమ్మ.

"అమ్మడం కూడా కుదరదమ్మా."

"అమ్ముతలేను. ఊకెనే ఇస్తున్న. సోంపు బీడీ. ఇగో, నోట్లె ఏసుకో."

అంత మంది చూస్తుండగా ఆయన ఏం చేస్తాడు పాపం. తీసుకున్నాడు. కొస కొరికి సోంపు నోట్లో పోసుకుని, "ఫినిషింగ్ బాగుంది" అన్నాడు. జనం నవ్వారు, అమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. జనాన్ని పంపించి, ఆమె చెయ్యి తిప్పి చూశాను. క్రీము అంతా కాగితానికి అంటుకుపోయి, వేళ్ల కొసలు పొద్దున కన్నా ఎండిపోయి ఉన్నాయి.

"పదిహేను రోజులు బీడీ ముట్టనిదానివి ఇప్పుడు ఇంత తొందరగ ఎట్ల చేసినవ్?"

అమ్మ దారపుండ తీసి సంచిలో పెట్టుకుంది.

"చేస్తున్నవా లేదా?"

"మనింట్ల చేయలే. నీ మీదొట్టు."

"మరెక్కడ చేసినవ్?"

"ఆపా ఇంట్ల." ఇక దాచి లాభం లేదనుకుందో ఏమో, మొత్తం చెప్పేసింది. ఆమె రియాద్‌లో ఉండే మూడు నెలలు అమ్మ వంతు బీడీలు ఆపా చేసి పెడతానంది. లేకపోతే కంపెనీలో అమ్మ పేరు కొట్టేస్తారు. "మరి ఆమెతోని ఊకెనే ఎట్ల చేయించుకుంట? అందుకే ముందుగాల ఆమె వంతు గూడ నేను చేసిన. పదిహేను రోజులు రెండు వంతులు చేసిన బిడ్డా."

నేను మానమన్న పదిహేను రోజుల్లో ఆమె ఎప్పుడూ చేయనంత పని చేసింది. నోరు తెరిస్తే మాట చాలా గట్టిగా వచ్చింది.

"ఆడ చెల్లె ఏడుస్తుంది! ఒక్క రెండు గంటలు ఊకె కూసోరాదా నీకు?"

దోసెల వాడు కూడా పెనం మీది నుంచి తలెత్తి చూశాడు. అమ్మ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదానితో కప్పింది.

"రాదు బిడ్డా" అంది. "ఎవలు నేర్పిండ్రు?" మళ్లీ తనే, "చేతులు ఊకె ఉంటే అద్దమే కండ్ల ముంగట కనపడుతుంది. ఏళ్లు పడకపోతే ఎట్లనని గుండె కొట్టుకుంటుంది. ఆకు పడితె తప్ప నాకు భయం పోదు" అంది.

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అన్న మాట వెనక్కి తీసుకోలేను గనుక, ఆమెను బాత్రూం దగ్గరికి తీసుకుపోయి వేడినీళ్లతో చేతులు కడిగి, మళ్లీ క్రీము రాశాను. ఈసారి గ్లౌజులు వేయలేదు. మిగిలిన సమయమంతా ఆమె రెండు చేతులు నా రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాను. చిన్నప్పటి నుంచి ఆమె చేతులు ఖాళీగా దొరికిందే లేదు కాబట్టి అంతసేపు పట్టుకోవడం నాకు కొత్త. నా పిడికిట్లో కూడా ఆమె బొటనవేళ్లు ఆకు మలుస్తూనే ఉన్నాయి. వాటిని ఆపమని నేను అనలేదు.

గేటులో కత్తెర తీసుకుని, సంచి మళ్లీ జిరాక్స్ దుకాణంలో పెట్టి, పన్నెండుంబావుకు కౌంటర్ దగ్గర నిలబడ్డాం. ఎడమచెయ్యి నాలుగు ప్రయత్నాలకు పడింది. ఆకుపచ్చ లైటు రాగానే అమ్మ దానికి దండం పెట్టింది. కుడిచెయ్యి బొటనవేలు, చూపుడువేలు మాత్రం ఎన్నిసార్లు పెట్టినా ఎర్రదే. కళ్లద్దాలావిడ అద్దాన్ని గుడ్డతో తుడిచి, "మిషన్‌దే లోపమేమో చూద్దాం. మీరొకసారి పెట్టండి మేడం" అంది నాతో.

నేను పూర్తిగా ఆనించను కూడా లేదు. ఆకుపచ్చ లైటు వచ్చేసింది. తెర మీద నా వేళ్ల గీతలు, సుళ్లు తిరిగి, దారం తెగకుండా, అన్నీ తేటగా పడ్డాయి.

"సూడు సూడు, నా బిడ్డ ఏళ్లు!" అమ్మ వెనక లైనులో ఉన్నవాళ్లను పిలిచి మరీ చూపించింది. "ఒక్కపారికే పడ్డయి!" నేను పదో తరగతిలో ఫస్ట్ క్లాసులో పాసైన రోజు కూడా ఆమె వాడంతా తిరిగి ఇట్లనే చెప్పింది.

నాకు మాత్రం ఆ తెర వైపు చూడాలంటే కష్టమైంది. నాకు పదమూడేళ్లప్పుడు అమ్మ నా ముందు కూడా ఒక చిన్న చాట పెట్టింది. మూడు నెలలు చేసి, ఒక రోజు తంబాకుతో సహా వాకిట్లోకి విసిరేసి, చదువుకుంటానని మొండికేశాను. అమ్మ కొట్టలేదు. వాకిట్లో పడ్డ తంబాకు ఎత్తుకుంటూ, "సదువుకో. నీ వంతు నేను చేస్త" అంది. ఆ రోజు నుంచి ఆమె చాట ముందు కూర్చునే పొద్దు పెరిగింది. నా వేళ్లకు గీతలు మిగిలినది అందుకే. లెక్కలు చెప్పే దాన్ని, ఇంత చిన్న లెక్క నాకు అప్పటిదాకా తట్టలేదు.

సూపర్‌వైజర్ వచ్చాడు. పడని వేళ్లకు కారణం నమోదు చేస్తే కంప్యూటర్ ఒప్పుకుంటుందన్నాడు. మాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన ఒక జాబితా తెరిచి, "పని వల్ల అరిగిపోయినట్టు ఇందులో లేదమ్మా. 'వేలు లేదు' అని పెట్టేస్తా, గొడవ ఉండదు" అన్నాడు.

"ఒద్దు" అంది అమ్మ.

నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, ఉత్త రాతనే."

"ఏళ్లు లేవని ఎట్ల రాస్తవ్ నాయనా? పది ఉన్నయి గద. లెక్కవెట్టు." పది వేళ్లూ ఆయన మొహం ముందు చాపింది. "లేవని రాస్తే, రేపు ఆడ దిగినంక, ఏళ్లు లేనిదానివి పసిగుడ్డుకు నీళ్లెట్ల పోస్తవంటరు. వాపసు పంపుతరు."

పన్నెండున్నరకు ఐదు నిమిషాలుంది. లైనులో ఉన్నవాళ్లు గుసగుసలాడుతున్నారు. చేతిదాకా వచ్చిన వీసా జారిపోతుందేమోనని నేను గడియారం వైపే చూస్తున్నాను. అమ్మ మాత్రం చేతులు దించలేదు. ఆయన ఆ చేతుల వైపు చూసి, మళ్లీ జాబితా పైకీ కిందికీ జరిపి, "తాత్కాలికంగా పడటం లేదు అని ఉంది. అది పెట్టనా?" అన్నాడు.

"అంటే?"

"కొన్నాళ్లకు మళ్లీ వస్తాయని."

"అట్ల రాయి" అంది అమ్మ.

వీసా వచ్చింది. అమ్మ పోయిన పదకొండో రోజు చెల్లెకు ఆడపిల్ల పుట్టింది. తాను నొప్పులు పడ్డ రెండు రోజులూ అమ్మ తన చెయ్యి వదలలేదని చెల్లె చెప్పింది. నెలన్నర తర్వాత ఒక ఆదివారం అమ్మ ఫోన్ చేస్తే, తెర నిండా మసకమసకగా ఏదో గోధుమరంగు తప్ప ఏమీ కనపడలేదు.

"కనపడుతుందా?" అని అరిచింది.

"ఏందమ్మా అది?"

"నా బొటనేలు!"

కొంచెం దూరం పెట్టమన్నాను. వెలుతురు వైపు తిప్పింది. నిజంగానే ఉన్నాయి. సన్నగా, అప్పుడే వేసిన నారు వరసల్లా, గీతలు.

"ఈడ పిల్లకు నూనె రాసుడు, నీళ్లు పోసుడు తప్ప నాకేం పని లేదు బిడ్డా. అది పండుకున్నంక ఊకెనే కూసుంటున్న. గీతలు ఎట్లొచ్చినయో సూడు." తర్వాత మామూలుగా, కూర వండే సంగతి చెప్పినట్టు చెప్పింది. "అచ్చినంక చాట ముంగట కూసుంటే నాలుగు పొద్దులల్ల మళ్ల పోతయి. ఉన్నన్ని రోజులు ఉండనియ్."

 "అచ్చినంక చాట ముట్టద్దమ్మా" అన్నాను.

"మరి నా వంతు? ఆపా చేసి పెడుతుంది గద."

"నీ వంతు ఎప్పుడో అయిపోయిందమ్మా. నా వంతు గూడ నువ్వే చేసినవ్. ఇగ సాలు."

 ఒళ్లో పిల్ల కదిలితే అమ్మ జోకొట్టింది. తర్వాత ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఎవరైనా వింటారేమో అన్నంత మెల్లగా అడిగింది.

"ఆపాకు ఏమని చెప్పాలె?"